నగ మీద ఆ ముద్ర కొట్టిందెవరు? బంగారం, వెండి హాల్‌మార్క్‌ల లెక్క

ఉంగరం లోపలివైపు, గొలుసు కొక్కెం మీద, కమ్మల వెనక శీల దగ్గర కంటికి ఆనీ ఆననంత చిన్న అక్షరాల్లో ఏదో ఒకటి కొట్టి ఉంటుంది, 916 అనో 750 అనో 925 అనో, లేదంటే ఒక సింహం బొమ్మ, ఒక త్రాసు బొమ్మ, ఏవో రెండు మూడు అక్షరాలు. చాలామంది 916 కనపడగానే హాల్‌మార్క్ ఉందిలే అనేసుకుంటారు, గందరగోళం అంతా అక్కడే మొదలవుతుంది. ఉత్త 916 అనే అంకె హాల్‌మార్క్ కిందకి రాదు. ఇందులో వెయ్యి వంతులకి 916 వంతులు బంగారం ఉందని ఎవరో ఒకరు చెప్పిన మాట అది, అంతే. ఆ మాట చెప్పింది నగ చేసినాయనా, అమ్మే కంపెనీనా, లేకపోతే వీళ్ళిద్దరితో సంబంధం లేకుండా లోహాన్ని పరీక్ష చేసి చూసిన వేరే సంస్థా, ఇది తేలితే గానీ ఆ అంకెని ఎంతవరకు నమ్మొచ్చో తెలీదు. నా ఉద్దేశంలో ముద్ర చూసేటప్పుడు "ఎంత ఉంది" కన్నా ముందు "ఎవరు చెప్తున్నారు" అని అడగాలి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం చిక్కు దానంతట అదే విడిపోతుంది.

ముద్రలు రెండు రకాలు. ఒకటి తయారీదారు తన పంచ్‌తో తనే కొట్టుకునేది, దీన్ని ప్యూరిటీ స్టాంప్ అందాం. 18కే (అంటే 18 క్యారెట్లు), 750, స్టెర్లింగ్ (ఒక వెండి ప్రమాణం పేరు), 925 లాంటివి ఒంటరిగా కనపడితే ఎక్కువగా ఈ రకమే. రెండోది అసలు హాల్‌మార్క్, అంటే నగని బయటి పరీక్షా కేంద్రానికి పంపించి, అక్కడ లోహాన్ని పరీక్షించి, చెప్పినంత ఉందని తేలాక వేసే ముద్ర. ఇది మామూలుగా గుంపుగా ఉంటుంది, ప్యూరిటీ అంకెతో పాటు ఎవరు పరీక్షించారో చెప్పే గుర్తు, నగకి బాధ్యులెవరో చెప్పే గుర్తు కూడా పక్కపక్కనే కనపడతాయి. మొదటి రకం అంతా అబద్ధమని నేను అనట్లేదు, కొన్ని దేశాల్లో చట్టమే దాన్ని ఒప్పుకుంటుంది, తప్పుగా కొడితే కేసు కూడా అవుతుంది, కాబట్టి పేరున్న తయారీదారు కొట్టిన 750 నిజమే అయ్యుండొచ్చు. కానీ ఒకచోట పరీక్ష అమ్మకానికి ముందే జరిగిపోయింది, ఇంకోచోట గొడవొస్తే తప్ప జరగదు, కొనేవాళ్ళకి ఈ తేడా చాలా పెద్దది.

ఇక అంకెలు. క్యారెట్ లెక్కలో మేలిమి బంగారం అంటే 24 భాగాలు, 22 క్యారెట్లంటే 24లో 22 భాగాలు బంగారం, మిగతా రెండు భాగాలు రాగి, వెండి, జింక్ లాంటివి. అదే లెక్క వెయ్యికి వేస్తే 916. అలాగే 23 క్యారెట్లకి 958, 21కి 875, 20కి 833, 18కి 750, 14కి 585, 10కి 417, 9కి 375, 8కి 333. 24 క్యారెట్లకి 999 అని గానీ 995 అని గానీ కొడతారు, 1000 అని మామూలుగా కొట్టరు ఎందుకంటే నూటికి నూరు శాతం శుద్ధి చేయడం అనేది జరిగే పని కాదు. వజ్రాలకి చెప్పే క్యారెట్ వేరే సంగతి, అది 0.2 గ్రాముల బరువు, దానికీ బంగారం క్యారెట్‌కీ లెక్కలో ఏ సంబంధమూ లేదు.

22ని 24తో భాగించి వెయ్యితో హెచ్చవేస్తే నిజానికి 916.67 వస్తుంది, ఆ చివరి భిన్నం గురించి దిగులు పడక్కర్లేదు, 916 అనేది కనీస హద్దు. 14 దగ్గర మాత్రం కొంచెం తిరకాసు ఉంది, లెక్క ప్రకారం 583.3 రావాలి, కానీ ఇప్పుడు చాలా దేశాల్లో 585 కొడతారు, అంటే క్యారెట్ లెక్క కన్నా కాస్త ఎక్కువే. సోవియట్ కాలం నాటి ఉంగరాల మీద 583 ఉంటుంది, అది చూసి నకిలీ అనుకోకండి, అప్పటి ప్రమాణమే అది. అమెరికాలో అయితే 1906 నాటి చట్టం ప్రకారం చెప్పిన దానికన్నా అర క్యారెట్ తక్కువున్నా ఒప్పుకునేవాళ్ళు, టంకం కూడా కలిపి లెక్కేస్తే ఒక క్యారెట్ దాకా వెసులుబాటు ఉండేది, దాన్ని 1976లో సవరించి 1981 నుంచి వెయ్యికి 3 వంతులకి, టంకంతో కలిపి అయితే 7 వంతులకి కుదించారు. కాబట్టి పాత అమెరికన్ 14 క్యారెట్ల ఉంగరం కరిగించి చూస్తే పదమూడున్నరే తేలిందనుకోండి, మోసం జరిగిందని వెంటనే అనలేం. ఇదే చోట ఇంకోటి, 14కేపీ అని కొట్టి ఉంటే ఆ చివరి పీ చూసి ప్లేటెడ్, అంటే పూత నగ అనుకుని చాలామంది పక్కన పడేస్తారు, పాపం అది దానికి పూర్తిగా ఉల్టా, ఆ వెసులుబాటు వాడుకోకుండా కచ్చితంగా 14 పెట్టాం అని తయారీదారు చెప్పుకోవడం అన్నమాట.

అంకె తెలిశాక మిగతాది తేలిక లెక్క. రాళ్ళు లేని 20 గ్రాముల గొలుసు ఉందనుకోండి, 916 అయితే అందులో 18.32 గ్రాముల మేలిమి బంగారం, 750 అయితే 15 గ్రాములు, 585 అయితే 11.7, 375 అయితే 7.5. బరువుని అంకెతో హెచ్చవేసి వెయ్యితో భాగించడమే. కాకపోతే ముద్ర లోహం గురించే చెప్తుంది, త్రాసులో పెట్టిన మొత్తం బరువు గురించి ఏమీ చెప్పదు. రాళ్ళు, ముత్యాలు, లోపల నింపిన లక్క, మైనం ఇవన్నీ తూకంలో కలిసిపోతాయి, వాటిని తీసేసిన నికర బరువు మీదే ఈ లెక్క పనిచేస్తుంది. వెండి కొవ్వొత్తి స్టాండ్ల లాంటి వాటి మీద స్టెర్లింగ్ అన్న మాట పక్కన వెయిటెడ్ అని ఉంటే పైన పలచటి వెండి రేకు, లోపలంతా దిటవు కోసం నింపిన వేరే పదార్థం అని అర్థం, వెండి అని మొత్తం తూకానికి డబ్బు కట్టేస్తే నష్టమే.

రంగుని బట్టి ప్యూరిటీ చెప్పడం కూడా కుదరదు. పసుపు, తెలుపు, గులాబి మూడు రంగుల ఉంగరాల మీదా 750 ఉండొచ్చు, మూడింట్లోనూ బంగారం సమానమే, మిగతా 250 వంతుల్లో ఏం కలిపారన్నదే తేడా. రాగి ఎక్కువైతే గులాబి రంగు, పల్లాడియం గానీ నికెల్ గానీ కలిపితే తెలుపు, పైన రోడియం పూత వేస్తే ఆ తెలుపు ఇంకా మెరుస్తుంది. ఆ 250 వంతుల్లో ఏముందో ముద్ర మీకు చెప్పదు. నికెల్ పడని చర్మం ఉన్నవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ముద్ర ఎంత సక్రమంగా ఉన్నా చెవి దురద పెట్టదని గ్యారంటీ లేదు, నికెల్ ఉందా లేదా అని విడిగా అడగాల్సిందే.

వెండికి క్యారెట్లు లేవు, నేరుగా వెయ్యి లెక్కే. 925 అంటే స్టెర్లింగ్, మిగతా 75 వంతులు మామూలుగా రాగి, అందుకే అది మేలిమి వెండి కన్నా గట్టిగా ఉంటుంది. 958 అంటే బ్రిటానియా, ఇంగ్లండ్‌లో 1697 నుంచి 1720 దాకా వెండి సామాన్లకి ఇదే తప్పనిసరి చేశారు, దానికి కారణం కూడా ఆసక్తిగా ఉంటుంది, నాణేలు, సామాన్లు ఒకే 925 వెండితో ఉండటంతో జనం నాణేల అంచులు కత్తిరించి, కరిగించి సామాన్లు చేయించేసుకునేవాళ్ళు, సామాన్ల ప్రమాణం పెంచితే నాణెం వెండి నేరుగా పనికిరాకుండా పోతుందని ఆలోచించారు. ఇంకా 950, 900, 835, 830, 800 ఇవన్నీ కూడా వేర్వేరు దేశాల్లో చట్టబద్ధమైన వెండి ప్రమాణాలే, 830 స్కాండినేవియా దేశాల్లో, 800 జర్మనీ, ఇటలీ వైపు ఎక్కువ. 925 లేదు కాబట్టి అసలు వెండే కాదు అనడం పొరపాటు. పాత రష్యా సామాన్ల మీద 84 అని ఉంటుంది, అది శాతం అనుకుంటారు, కానీ వాళ్ళ లెక్కలో మేలిమి అంటే 96, 84ని 96తో భాగించి వెయ్యితో హెచ్చవేస్తే 875 వస్తుంది. అదే లెక్కలో బంగారం మీద 56 అంటే మన 14 క్యారెట్లు.

ఇక్కడ నిజంగా దెబ్బతీసే సంగతి ఒకటి ఉంది, అదేంటంటే ఒకే అంకె రెండు లోహాల మీద కనపడటం. సోవియట్ కాలంలో ఎనామెల్ పని చేసిన చిన్న చిన్న వెండి చెంచాలు చాలా తయారయ్యాయి, వాటికి బంగారు పూత ఉంటుంది, వెనక 916 అని ఉంటుంది, పసుపు రంగు, పైగా 916, ఇంకేం 22 క్యారెట్లే అని ఎవరైనా పడిపోతారు, కానీ ఆ 916 వెండి ప్రమాణం. ఫిన్లాండ్ వెండి మీద కూడా 916 పక్కన హెచ్ అన్న అక్షరం కనపడుతుంది. 875 అంటే 21 క్యారెట్ల బంగారం కావొచ్చు, రష్యా వైపు వెండి కూడా కావొచ్చు. 833 అంటే 20 క్యారెట్ల బంగారమో, పాత డచ్ వెండో. 800 అంటే మామూలుగా వెండే గానీ పోర్చుగల్‌లో 19.2 క్యారెట్ల బంగారం మీద కూడా ఉంటుంది. 950 అంటే ప్లాటినం, పల్లాడియం, వెండి మూడింటిలో ఏదైనా అవ్వొచ్చు. బంగారు రంగు నగ మీద 925 ఉంటే మాత్రం దాదాపు సందేహమే అక్కర్లేదు, అది బంగారు పూత వేసిన వెండి, అమ్మేవాళ్ళు దాన్ని వర్మైల్ అని గొప్పగా పిలుస్తుంటారు, ఆ పేరు విని బంగారం రేటు కట్టకండి.

అందుకే మంచి హాల్‌మార్క్ పద్ధతుల్లో అంకె చుట్టూ ఉన్న గీత ఆకారం కూడా మాట్లాడుతుంది. బ్రిటన్‌లో వెండికి కోడిగుడ్డు ఆకారం, బంగారానికి మూలలు కత్తిరించిన పొడవాటి డబ్బా, ప్లాటినానికి పైన మొన తేలిన ఇంటి ఆకారం, పల్లాడియానికి మూడు సున్నాలు కలిసిపోయినట్టుండే ఆకారం. లెన్స్‌లో 950 చూసినప్పుడు ఆ చుట్టూ ఉన్న గీత చూస్తే చాలు, ఏ లోహమో తెలిసిపోతుంది.

బ్రిటన్ పద్ధతి గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇప్పటికీ నడుస్తున్న పాత పద్ధతుల్లో అది ముఖ్యమైంది, ఒక్కో గుర్తు ఎందుకు పుట్టిందో అక్కడ స్పష్టంగా కనపడుతుంది. 1300లో రాజు ఒకటో ఎడ్వర్డ్ శాసనంతో వెండికి పరీక్ష, చిరుత తల ముద్ర వచ్చాయి. ముద్ర ఉంది సరే, తేడా వస్తే ఎవర్ని పట్టుకోవాలి అన్న ప్రశ్న వచ్చింది, 1363లో ప్రతి కంసాలికీ సొంత గుర్తు ఉండాలన్నారు. మరి పరీక్ష చేసినాయనే తప్పు చేస్తే? 1478లో తేదీ అక్షరం మొదలైంది, ఏ ఏడాది ఏ అక్షరమో తెలిస్తే ఆ ఏడు పరీక్షకి బాధ్యుడెవరో తెలిసిపోతుంది. ఇప్పుడు మనం ఆ అక్షరాన్ని వస్తువు వయసు చెప్పడానికి వాడుకుంటున్నాం గానీ దాన్ని పెట్టింది మాత్రం పరీక్ష చేసేవాళ్ళ మీద కూడా ఒక కన్నేసి ఉంచడానికి, నాకైతే ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన విషయం ఇదే. 1544లో నడిచే సింహం ముద్ర వచ్చింది. బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ కేంద్రాలు 1773లో పెట్టారు. ఇప్పుడు నాలుగు కేంద్రాలున్నాయి, లండన్‌కి చిరుత తల, బర్మింగ్‌హామ్‌కి లంగరు, షెఫీల్డ్‌కి గులాబి, ఎడిన్‌బరోకి కోట. 1784 నుంచి 1890 దాకా వాటితో పాటు రాజు లేదా రాణి తల కూడా ఉంటుంది, అది పన్ను కట్టారని గుర్తు, ప్యూరిటీకి దానితో పనిలేదు.

ప్రస్తుతం అక్కడ తప్పనిసరిగా ఉండాల్సినవి మూడు, బాధ్యుల గుర్తు, ప్యూరిటీ అంకె, కేంద్రం గుర్తు. తేదీ అక్షరం, సింహం 1999 నుంచి ఐచ్ఛికం. బరువు తక్కువున్న వాటికి మినహాయింపు ఉంది, బంగారం 1 గ్రాము, వెండి 7.78 గ్రాముల లోపు అయితే ముద్ర లేకుండా అమ్మొచ్చు, కాబట్టి సన్నటి వెండి కమ్మల మీద ఏ ముద్రా లేకపోవడం వింతేం కాదు.

ఫ్రాన్స్‌లో వేరే దారి, అక్కడ 1838 నుంచి 18 క్యారెట్ల బంగారానికి గద్ద తల, వెండికి మినర్వా దేవత తల, 750, 925 లాంటి అంకె లేకుండా బొమ్మే ప్రమాణం చెప్పేస్తుంది. అంకె వెతుక్కునేవాళ్ళు దీన్ని ముద్ర లేని నగ అనుకుని తక్కువ రేటుకి ఇచ్చేస్తుంటారు. జర్మనీ దగ్గర ఇంకా జాగ్రత్త పడాలి. 1888 నుంచి వాళ్ళ వెండి మీద నెలవంక, కిరీటం కనపడతాయి, చూడ్డానికి అచ్చం ప్రభుత్వ ముద్రలా ఉంటుంది, కానీ దాన్ని కొట్టేది తయారీదారే, ప్రభుత్వం ముందుగా పరీక్ష చేసి వేసిన ముద్ర కాదు. అమెరికాలో కూడా ప్రభుత్వ పరీక్షా కేంద్రం ముద్ర అంటూ ఉండదు, క్యారెట్ కొడితే పక్కన తయారీదారు ట్రేడ్‌మార్క్ ఉండాలని చట్టం, అందుకే అమెరికన్ నగ మీద 14కే ఉండి పక్కన ఏ కంపెనీ గుర్తూ లేకపోతే ఆ మాటకి బాధ్యులెవరూ లేరన్నట్టే. 1972లో వియన్నాలో కొన్ని దేశాలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి, 1975 నుంచి అమల్లో ఉంది, దాని గుర్తు త్రాసు, మధ్యలో ప్యూరిటీ అంకె, ఒక సభ్య దేశంలో పరీక్షించి ఈ ముద్ర వేస్తే ఇంకో సభ్య దేశం మళ్ళీ పరీక్ష అడగకుండా ఒప్పుకుంటుంది.

ఇండియాలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) హాల్‌మార్కింగ్ బంగారానికి 2000లో, వెండికి 2005లో మొదలైంది, అప్పట్లో ఇష్టమైనవాళ్ళు చేయించుకునేవాళ్ళు. 2021 జూన్ 16 నుంచి బంగారానికి 256 జిల్లాలతో మొదలుపెట్టి తప్పనిసరి చేసుకుంటూ వచ్చారు, అదే ఏడు జులై 1 నుంచి మూడు గుర్తుల పద్ధతి వచ్చింది, త్రికోణం ఆకారంలో బీఐఎస్ లోగో, 22కే916 లాంటి ప్యూరిటీ, ఆరు అక్షరాలు అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నెంబర్. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ హెచ్‌యూఐడీ లేకుండా షాపులు హాల్‌మార్క్ బంగారం అమ్మకూడదు. అంతకుముందు వాటి మీద లోగో, ప్యూరిటీ, పరీక్షా కేంద్రం గుర్తు, షాపు గుర్తు ఉండేవి, ఇంట్లో ఉన్న పాత నగల మీద హెచ్‌యూఐడీ లేదని కంగారు పడక్కర్లేదు, అవి చెల్లకుండా పోవు. 2 గ్రాముల లోపు వాటికి, కుందన్, పోల్కీ, జడావు అనే రాళ్ళు పొదిగే పనికి మినహాయింపు ఉంది. వెండికి కూడా 2025 సెప్టెంబర్ 1 నుంచి హెచ్‌యూఐడీ మొదలైంది, అయితే స్వచ్ఛందంగానే.

హెచ్‌యూఐడీ గొప్పతనం ఏంటంటే అది ఒక్కో నగకి ఒక్కోటి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరింటినీ కొడితే షాపు రిజిస్ట్రేషన్, పరీక్షించిన కేంద్రం, తేదీ, ప్యూరిటీ, వస్తువు రకం వస్తాయి. చాలామంది ప్యూరిటీ చూసి యాప్ మూసేస్తారు, నన్నడిగితే ముందు చూడాల్సింది వస్తువు రకం. చేతిలో ఉన్నది గొలుసు, యాప్‌లో ఉంగరం అని వచ్చిందంటే వేరే నగ నెంబర్ తెచ్చి దీని మీద కొట్టారనే అనుమానించాలి, నెంబర్ నిజమైనదే అయినా సరే ఆ నగ గురించి అది చెప్పేది సున్నా. తప్పు తేలితే పరిహారం కూడా ఉంది, బీఐఎస్ 2018 నిబంధనల ప్రకారం ప్యూరిటీలో ఎంత తగ్గిందో ఆ మేరకి లెక్కేసిన తేడాకి రెండింతలు, దాంతో పాటు పరీక్ష ఖర్చులు. దీనికి బిల్లు కావాలి, అందులో నికర బరువు, క్యారెట్, రాళ్ళ బరువు విడివిడిగా రాసి ఉండాలి.

ఇక ముద్రలా కనపడి మోసపుచ్చేవి. జీపీ, జీఈపీ, హెచ్‌జీఈ అని అక్షరాలుంటే కరెంటుతో వేసిన పూత, ముందు 18కే అని ఉన్నా ఆ 18 అనేది పైపూత గురించే, లోపలిది వేరే లోహం. ఆర్‌జీపీ అంటే రోల్డ్ గోల్డ్ ప్లేట్, వేరే లోహం మీద పలచటి బంగారు రేకు అతికించింది. జీఎఫ్ అంటే గోల్డ్ ఫిల్డ్, పేరు వింటే లోపలంతా బంగారం నింపారేమో అనిపిస్తుంది, వాస్తవం ఏంటంటే బయట మాత్రమే బంగారు రేకు అతికిస్తారు. దీని మీద 1/20 12కే జీఎఫ్ అని ఉంటుంది, లెక్క వేసి చూడండి, 20 గ్రాముల గొలుసులో ఇరవయ్యో వంతు అంటే 1 గ్రాము, అది కూడా 12 క్యారెట్లది, అంటే మేలిమి బంగారం అర గ్రాము. పూత కన్నా ఇది చాలా కాలం మన్నుతుంది, అందులో చెడ్డేం లేదు, బంగారం రేటు కట్టకపోతే సరి. వెండి వైపు ఈపీఎన్‌ఎస్ అంటే నికెల్ సిల్వర్ మీద వెండి పూత, ఆ నికెల్ సిల్వర్‌లో రాగి, నికెల్, జింక్ తప్ప వెండి అస్సలుండదు, జర్మన్ సిల్వర్, అల్పాకా అన్నా అదే. పాత ఈపీఎన్‌ఎస్ సామాన్ల మీద ఆ అక్షరాలనే ఒక్కోదాన్ని ఒక్కో చిన్న డాలు బొమ్మలో పెట్టి వరసగా కొట్టేవాళ్ళు, దూరం నుంచి చూస్తే అచ్చం ఇంగ్లీష్ హాల్‌మార్క్ వరసే అనిపిస్తుంది. కేడీఎం కూడా ప్యూరిటీ ముద్ర అనుకుంటారు చాలామంది, అది కాడ్మియం కలిపిన టంకం వాడారని మాత్రమే చెప్తుంది, ఆ పొగ పీల్చే పనివాళ్ళ ఊపిరితిత్తులు పాడైపోతాయి కాబట్టే దాన్ని వదిలించుకోవాల్సి వచ్చింది, ఇంకా ఆ పేరు చెప్పి నాణ్యత అని అమ్మడం నాకు బాధగా ఉంటుంది.

ముద్ర వెనకున్న పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే దాని బలం, బలహీనత రెండూ అర్థమవుతాయి. ముందు ఎక్స్‌రే యంత్రంలో పెడతారు, దాన్ని ఎక్స్‌ఆర్ఎఫ్ అంటారు, నగకి గీత పడకుండా నిమిషాల్లో లోహాల శాతం చెప్పేస్తుంది, కానీ అది చూసేది పైపైన కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతే, మందంగా పూత వేసి ఉంటే మోసపోతుంది. ఖచ్చితంగా తేల్చాలంటే పుటం పెట్టాల్సిందే. నగ నుంచి కొంచెం గోకి తీసి, తూచి, వెండి కలిపి సీసం రేకులో చుట్టి, సచ్ఛిద్రంగా ఉండే చిన్న గిన్నెలో పెట్టి సుమారు 1100 డిగ్రీల కొలిమిలో ఉంచుతారు. సీసం కరిగి, రాగి లాంటి వాటిని తనతో కలుపుకుని ఆ గిన్నె గోడల్లోకి ఇంకిపోతుంది, చివరికి బంగారం, వెండి కలిసిన ఒక చిన్న పూస మిగులుతుంది. దాన్ని సాగగొట్టి, రేకు చేసి, చుట్ట చుట్టి నైట్రిక్ ఆసిడ్‌లో మరిగిస్తే వెండి కరిగిపోయి మేలిమి బంగారం ఒక్కటే నిలుస్తుంది, దాన్ని మళ్ళీ తూస్తారు, మొదటి తూకంతో భాగించి వెయ్యితో హెచ్చవేస్తే వచ్చేదే ఆ అంకె. సరిగ్గా చేస్తే వెయ్యిలో ఒక వంతు తేడా కూడా రాదు. కాకపోతే గోకిన చోటు గురించే అది చెప్తుంది, అందుకే ఎక్కడి నుంచి గోకారన్నది పరీక్ష అంత ముఖ్యం.

అదే కారణంతో, కొక్కెం మీద ముద్ర చూసి గొలుసంతా నమ్మేయకూడదు. కొక్కేలు విరుగుతుంటాయి, మార్పిస్తుంటారు, కొత్త కొక్కెం మీద 750 ఉండి గొలుసు వేరేది కావొచ్చు, దీనికి తిరగబడ్డ కథ కూడా జరుగుతుంది. పది రెట్లు పెద్దగా చూపించే లెన్స్ ఒకటి చాలు, చాలా సంగతులు కనపడతాయి. పంచ్‌తో కొట్టిన ముద్ర అయితే అంచుల దగ్గర లోహం నొక్కుకుపోయి ఉంటుంది, లేజర్‌ది అయితే సన్నటి చుక్కల గీతల్లా ఉంటుంది, రెండూ అసలువే కావొచ్చు, కానీ అక్షరాలు మొద్దుబారి, గీతలు కరిగినట్టుండి, పక్కన లోహం మాత్రం కొత్తగా మెరుస్తుంటే పాత వస్తువుని అచ్చుపోసి పోత పోశారేమో అని అనుమానించాలి, పోతలో ముద్ర కూడా పోతపోసుకుంటుంది. ఇంకో పాత మోసం, చిన్న అసలు వస్తువు నుంచి ముద్ర ఉన్న ముక్క కోసి పెద్ద వస్తువులో టంకంతో అతికించడం, నోటితో ఆవిరి ఊదితే అతుకు గీత ఒక్కోసారి బయటపడుతుంది. పూత నగలైతే అంచుల దగ్గర, ఒరుసుకునే చోట లోపలి రంగు కనపడుతుంది. అయస్కాంతం పరీక్ష గురించి ఎక్కువ ప్రచారం ఉంది, అతుక్కుంటే అనుమానం సరే, అతుక్కోకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు, రాగి, ఇత్తడి కూడా అతుక్కోవు, పైగా అసలు బంగారు గొలుసు కొక్కెంలో ఉండే ఉక్కు స్ప్రింగ్ అతుక్కుంటుంది.

చివరిగా ముద్రే లేని నగ. ముద్ర లేదంటే నకిలీ అని తేల్చేయకండి, చేత్తో చేసిన పాతవి, సైజు మార్చినప్పుడు ముద్ర ఉన్న భాగం కోసేసినవి, దశాబ్దాల పాటు పెట్టుకుని అరిగిపోయినవి ఎన్నో ఉంటాయి. రాళ్ళు లేకుండా, లోపల డొల్ల లేకుండా ఉంటే సాంద్రత చూసుకోవచ్చు, గాల్లో తూచి, దారంతో నీళ్ళలో వేలాడదీసి తూచి, ఆ రెండు తూకాల తేడాతో గాల్లో తూకాన్ని భాగించాలి. మేలిమి బంగారానికి 19.3, వెండికి 10.5, రాగికి 9 దగ్గర రావాలి, 22 క్యారెట్లకి 17 పైన ఉంటుంది. 12 వచ్చిందంటే 22 క్యారెట్లు అయ్యే అవకాశమే లేదు. అది దాటాక ఎక్స్‌రే పరీక్ష, అక్కడా సందేహం ఉంటే పుటం. గీటురాయి మీద గీయించడం కూడా అనుభవం ఉన్నవాళ్ళ చేతిలో మంచి పరీక్షే, కాకపోతే పాత వస్తువు పనితనానికి లోహం కన్నా ఎక్కువ విలువ ఉండొచ్చు, కాబట్టి గీయడమైనా గోకడమైనా బయటికి కనపడని చోట, కొక్కెం కిందో, వెనకవైపు అంచు దగ్గరో చేయమని వస్తువు చేతికిచ్చే ముందే చెప్పండి.